పిలిచారు కదా అని పొరుగు యుద్ధంలోకి దిగితే...

మయన్మార్ (పాత బర్మా) అంతర్యుద్ధం గొడవ టీవీలో వచ్చిన రోజు శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ టీ కొట్ల దగ్గర ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "మన మిలట్రీని పంపితే వారంలో సర్దేస్తారు" అని. ఆ మాటలో కొంత అభిమానం కూడా ఉంది. ఉత్తరాంధ్రకు బర్మా కొత్త దేశమేమీ కాదు. పొట్ట చేతబట్టుకుని రంగం (రంగూన్) వెళ్లి, 1942లో జపాన్ బాంబులకు భయపడి కొందరు, 1960లలో అక్కడి సైనిక పాలకుడు నే విన్ సర్కారు వ్యాపారాలను జాతీయం చేశాక ఇంకొందరు తిరిగొచ్చారు. అక్కడి కష్టం వింటే ఇక్కడ మనసు కదలడం సహజం. అయితే సైన్యాన్ని పంపడం వేరే లెక్క.

ఆ లెక్క మనకు శ్రీలంక నేర్పింది. 1983 జులైలో కొలంబోలో తమిళులను ఊచకోత కోశాక, తమిళ మిలిటెంట్లకు మన గడ్డ మీదే శిక్షణ ఇచ్చాం. నాలుగేళ్లు తిరిగేసరికి, 1987 జులై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. శాంతి పరిరక్షణ దళం పేరుతో మన సైన్యం ఉత్తర శ్రీలంకలో తమిళుల జాఫ్నాలో దిగింది. బలవంతంగా పోలేదు, ఆ దేశ అధ్యక్షుడే రమ్మన్నాడు. చట్టం దృష్టిలో వంక పెట్టడానికేమీ లేదు.

అసలు చిక్కంతా ఆ పిలుపులోనే ఉంది. జయవర్ధనే మనల్ని పిలిచింది తమిళుల మీద ప్రేమతో కాదు. దక్షిణాన సింహళ వామపక్ష పార్టీ జేవీపీ తిరుగుబాటు ముంచుకొస్తోంది. ఉత్తరాన్ని మనకు అప్పగిస్తే తన సైనికులను అటు తిప్పుకోవచ్చు. తిప్పుకున్నాడు కూడా. ఒప్పందం ప్రకారం ఆయుధాలు దించాల్సిన తమిళ పులుల సంస్థ ఎల్‌టీటీఈ అక్టోబరుకల్లా మన మీదే గురిపెట్టింది. అదే నెల 11 అర్ధరాత్రి ఆ సంస్థ నాయకుడు ప్రభాకరన్‌ను పట్టుకోవాలని జాఫ్నా విశ్వవిద్యాలయం మైదానంలో హెలికాప్టర్ల నుంచి సైనికులను దించారు. కింద పులులు కాచుకుని ఉన్నారు. అక్కడ దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ ప్లాటూన్‌లో ప్రాణాలతో మిగిలింది ఒక్కడే, అతనూ బందీగా.

1989లో ప్రేమదాస అధ్యక్షుడయ్యాడు. ఒప్పందం రోజున వేడుకకే రాని మనిషి. భారత సైన్యం వెళ్లిపోవాల్సిందేనన్నాడు. అంతటితో ఆగకుండా, మనతో పోరాడుతున్న ఎల్‌టీటీఈకి రహస్యంగా ఆయుధాలు అందించాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న! పిలిచిన ప్రభుత్వమే మన జవాన్ల మీదికి తుపాకులు సరఫరా చేసిందంటే, ఇక ఆ ఆహ్వానానికి విలువేముంది? 1990 మార్చి 24న చివరి దళం ఓడెక్కేసరికి దాదాపు 1,200 మంది జవాన్లను పోగొట్టుకున్నాం. మద్రాసులో దిగితే స్వాగతం పలకడానికి ముఖ్యమంత్రి కరుణానిధి రాలేదు. జాఫ్నాలో సాధారణ తమిళులు చనిపోయారన్న కోపం తమిళనాడులో అంత బలంగా ఉంది, ఆ కోపం ఊరకే పుట్టిందీ కాదు.

ఇది మనకొక్కరికే ఎదురైన అనుభవం కాదు. 1976లో లెబనాన్‌లోకి సిరియా సైన్యం ఆ దేశాధ్యక్షుడి పిలుపు మీదే వెళ్లి, 2005 దాకా కదల్లేదు.

మరి 1971 బంగ్లాదేశ్ యుద్ధం మాటేమిటని అడుగుతారు. అడగాల్సిందే. విశాఖ తీరంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన కథ మన వైపు ముసలివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ అక్కడ మన తోడు కోరింది కుర్చీ జారిపోతున్న నాయకుడు కాదు, 1970 ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్ దాదాపు మొత్తాన్నీ గెలిచిన పార్టీ. కోటి మంది శరణార్థులు అప్పటికే మన దగ్గర ఉన్నారు. యుద్ధం 13 రోజుల్లో ముగిసింది, మూడు నెలల్లో సైన్యం వెనక్కి వచ్చేసింది. వారంలో సర్దేస్తామనేవాళ్లు ఢాకానే తలుచుకుంటారు గానీ జాఫ్నా ఊసెత్తరు.

పంపేదెవరిని అన్న ప్రశ్న కూడా ఈ జిల్లాలో ఊహాగానం కాదు. తెల్లవారుజామున కోడి రామ్మూర్తి స్టేడియం వైపు వెళ్తే, 1600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లో అందుకోవాలని చెప్పుల్లేకుండా పరుగెత్తే కుర్రాళ్లు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని గట్టు మీద నిలబడ్డ వాళ్ల స్నేహితులు కనిపిస్తారు. అగ్నివీర్ సర్వీసు నాలుగేళ్లు. శ్రీలంకలో మన సైన్యం దాదాపు 32 నెలలు ఇరుక్కుంది. అంటే ఒక కుర్రాడి సర్వీసులో మూడింట రెండు వంతులు అలాంటి యుద్ధమే మింగేస్తుంది.

ఇప్పుడు మయన్మార్‌లో మనల్ని పిలవగలిగేది ఎవరు? 2021 ఫిబ్రవరి 1న ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోసిన జనరళ్లా? వాళ్లను కాదంటున్న సమాంతర ప్రభుత్వమా? మనం కట్టిన సిత్వే ఓడరేవు ఉన్న రఖైన్ రాష్ట్రంలో ఎక్కువ భాగం జనరళ్లతో పోరాడుతున్న సాయుధ సంస్థ అరాకాన్ ఆర్మీ చేతుల్లో ఉంది. కలాదాన్ నది మీద పలెత్వా పట్టణాన్ని వాళ్లు 2024 జనవరిలోనే పట్టుకున్నారు. మన సరుకు సిత్వే నుంచి మిజోరం చేరాలంటే పలెత్వా దాటక తప్పదు. జనరళ్ల పిలుపు మీద సైన్యం దిగితే ముందు ఎదురయ్యేది ఆ దారిని పట్టుకుని కూర్చున్నవాళ్లే.