అక్విడెక్టు అంటే వంతెన కాదు

కోనసీమలో బస్సెక్కి "అక్విడెక్టు దగ్గర ఆపండి" అంటే కండక్టర్ మళ్లీ అడగడు. బడి మొహం చూడనివాళ్ల నోట కూడా నలిగిన మాట అది. అంటే ఏమిటని అడిగితే మాత్రం, చాలామంది "వంతెన" అనేస్తారు. నా అభ్యంతరం అక్కడే.

మాట లాటిన్‌ది. ఆక్వా అంటే నీరు. డ్యూకెరె అంటే దారి చూపుతూ తీసుకెళ్లడం. నీటిని నడిపించుకెళ్లేదన్న మాట. ఇందులో వంతెన ఊసే లేదు. రోమ్ నగరానికి క్రీ.పూ. 312లో కట్టిన మొదటి అక్విడెక్టు ఆక్వా అప్పియా దాదాపు మొత్తం భూమి లోపలే సాగింది. కమానులు కట్టింది లోయలు, పల్లాలు అడ్డొచ్చిన చోటే. కంటికి కనిపించేవి అవే కాబట్టి పేరు వాటికే అతుక్కుపోయింది. రోడ్డునో రైలునో మోసే వయాడక్ట్ ఆ తర్వాత దీన్ని చూసి పుట్టిన మాట.

కోనసీమలోని పి.గన్నవరంలో జరిగిందీ అదే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. గోదావరి నీళ్లు నగరం అనే లంకకు చేరాలంటే వైనతేయ పాయ అడ్డం. దాని మీదుగా 49 కమానులతో కాలువను దాటించారు. పక్కనే 2000లో వచ్చిన కొత్తదానికి, ఆకలన్నవాళ్లందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. అంతకు తగిన పేరు ఇంకోటి ఉండదు.

ఇప్పుడు విజయవాడ పక్కన ఎనికేపాడు చూడండి. అక్కడా పైన కాలువ, కింద బుడమేరు. జనం మాత్రం దాన్ని యూటీ అంటారు, అంటే అండర్ టన్నెల్. రెండు చోట్లా ఒకదాని మీదుగా ఇంకో నీరు వెళ్లడమే. ఎనికేపాడులో టెన్షన్ అంతా కింద పారే వరదది, కాబట్టి పేరు కింది నుంచి వచ్చింది. గన్నవరంలో పంట బతకాల్సింది పైన పారే నీటితో. పేరూ పైనే ఉంది.

అందుకే "నీటివంతెన" అని అనువదించడం నాకు నచ్చదు. అది కట్టడాన్ని చూపిస్తుంది, నీటిని వదిలేస్తుంది. లాకుల్ని మనవి చేసుకున్నట్టే అక్విడెక్టునూ చేసుకున్నాం, అలాగే ఉండనివ్వండి. అర్థం మాత్రం పిల్లలకు చెప్పాలి, అదీ అక్కడికే తీసుకెళ్లి. వరద రోజుల్లో పిట్టగోడ పట్టుకుని నిలబడితే, కింద ఎర్రటి గోదారి సుడులు తిరుగుతూ సముద్రం వైపు పరుగెడుతుంటుంది. పైన కాలువ నింపాదిగా లంక పొలాలకు వెళ్తుంటుంది.