వందేళ్ళు కూడా నిండని వంతెన కింద "మధ్యయుగం" సెల్ఫీలు

బార్సిలోనా వెళ్ళొచ్చిన మనవాళ్ళ రీల్స్‌లో ఒక వంతెన తప్పకుండా ఉంటుంది. ఇరుకు సందు, తలపైన రెండు భవనాలను కలుపుతూ నగిషీలు చెక్కిన రాతి వంతెన, దాని కింద చేతులు చాచి నిలబడ్డ మనిషి. "మధ్యయుగంలోకి వచ్చేశాం ఫ్రెండ్స్" అని క్యాప్షన్. ఆ వంతెన కట్టింది 1928లో. మా తాత అప్పటికే పలకా బలపం పట్టుకుని బడికి పోతున్నాడు.

ఈ మాట చెబితే నన్ను కసురుకుంటున్నారు. "అయితే ఏంటట, బాగుంది కదా!" బాగుంది, కాదన్నదెవరు? కట్టిన జువాన్ రుబియో, బార్సిలోనాకు పేరు తెచ్చిన వాస్తుశిల్పి గౌడీ దగ్గర పనిచేసినవాడు, చేయి తిరిగిన మనిషి. నా గొడవ వంతెనతో కాదు. అది ఎప్పటిదో చెప్పకుండా దాటేసేవాళ్ళతో. నేను వెళ్ళిన వాకింగ్ టూర్‌లో గైడు ఆ వంతెన అడుగున చెక్కిన పుర్రెను చూపించాడు, దానికి గుచ్చిన కత్తిని చూపించాడు, ఆ కత్తి పీకితే ఊరు కూలిపోతుందట అని కళ్ళు పెద్దవి చేసి చెప్పాడు. జనం వావ్ అన్నారు. 1928 అన్న ముక్క మాత్రం ఆయన నోట రాలేదు. వస్తే ఆ వావ్‌లో సగం పోతుంది మరి.

గోథిక్ క్వార్టర్ అని పిలిచే ఆ పాత పేటలో చాలా భాగం ఇలా ఇరవయ్యో శతాబ్దంలో దిద్ది తీర్చిందే. పెద్ద చర్చి, అంటే కథీడ్రల్, 1298లో మొదలైంది. లోపల అసలుసిసలు పాతదే. కానీ అందరూ మెట్ల మీద కూర్చుని ఫోటోలు దిగే ఆ ముందుగోడ పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మాన్వెల్ జిరోనా అనే బ్యాంకరు డబ్బుతో లేచింది. నడిమి శిఖరం 1913కి గానీ పూర్తి కాలేదు. 1408 నాటి నమూనాను ఆధారం చేసుకున్నారు కాబట్టి మరీ గాల్లోంచి పుట్టించింది కాదులెండి. ఆ మాటకొస్తే మనవాళ్ళు మధ్యాహ్నం వెళ్ళి పడుకునే బీచ్‌లలో కూడా చాలావరకు 1992 ఒలింపిక్స్ ముందు ఫ్యాక్టరీలు, రైలు పట్టాలు తీసేసి తయారు చేసినవే.

ఇదంతా ఎలా మొదలైందో వింటే ఇంకా చిరాకేస్తుంది. పాత ఊరి నడిమిలోంచి రేవు దాకా వీయా లాయెతానా అనే వెడల్పాటి రోడ్డు వేయాలని 1908లో ఇళ్ళు కూల్చడం మొదలుపెట్టారు. వేలమంది ఇళ్ళు ఖాళీ చేయాల్సి వచ్చింది. కూల్చిన వాటిలో అందంగా ఉన్న కిటికీలు, గుమ్మాలు, రాతి చెక్కడాలు మాత్రం పదిలంగా ఊడదీసి దాచారు. కిటికీలకున్న విలువ వాటిలోంచి తొంగిచూసిన మనుషులకు లేకపోయింది. తర్వాత 1929లో అంతర్జాతీయ ప్రదర్శన జరగబోతోంది, వచ్చే అతిథులకు చూపించడానికి కథీడ్రల్ చుట్టూ ఒక ముచ్చటైన పాత ఊరు కావాలి. దాచిన ముక్కలు అక్కరకొచ్చాయి.

ఇందులో నాకు భలే నచ్చిన సంగతి ఒకటుంది. కూల్చివేతలో పోవాల్సిన కాసా పదేయాస్ అనే పెద్ద భవనాన్ని రాయి రాయి విప్పి 1931లో తెచ్చి ప్లాసా దెల్ రేయ్ దగ్గర మళ్ళీ నిలబెట్టాలనుకున్నారు. పునాదులు తవ్వుతుంటే కింద రోమన్ల కాలం నాటి బార్సిలోనా, అంటే బార్సినో, బయటపడింది. పైన పాతదనం పేర్చుకుందామని తవ్వితే నిజమైన పాతది కాళ్ళ కింద దొరికింది! ఇప్పుడది నగర చరిత్ర మ్యూజియం. లిఫ్టులో కిందికి దిగితే ఊరి కింద ఊరు. బట్టలు ఉతికి రంగులద్దిన చోటు ఒకటి, అక్కడి తొట్ల అంచున నీలం రంగు మరక ఇంకా కనిపిస్తుంది. కాస్త ముందుకు పోతే చేపల్ని ఉప్పులో మాగబెట్టి గారుమ్ అనే పులుసు తీసిన కార్ఖానా. ఆ పక్కన ద్రాక్షసారా చేసిన చోట నేలలో పాతిన పెద్ద పెద్ద మట్టి బానలు, మన ఆవకాయ జాడీలకు ముత్తాతల్లా, మూతుల దాకా పూడ్చి ఉన్నాయి. వాటి మీదుగా వేసిన సన్నటి ఇనుప బాట మీద నడుస్తాం. నేనున్నంతసేపూ కిందికి దిగినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పైన వంతెన దగ్గర మాత్రం క్యూ.

అలాంటిదే ఇంకోటి పరదీస్ అనే సందులో ఉంది. మామూలు గుమ్మంలా ఉంటే లోపలికి పోవడానికి మొహమాటపడతాం. ధైర్యం చేసి పోతే ఒక చిన్న వాకిట్లో రోమన్ చక్రవర్తి ఆగస్టస్ గుడి తాలూకు రెండు వేల ఏళ్ళ నాటి నాలుగు స్తంభాలు, ఒక్కోటి తొమ్మిది మీటర్ల దాకా, నిలబడి ఉన్నాయి. ప్రవేశం ఉచితం. పుర్రె కథ లేదు కాబట్టి రీల్స్‌లోకి ఎక్కలేదు పాపం.

అసలు చెప్పాలనుకున్నది సాంత్ ఫెలిప్ నేరి అనే చిన్న చౌకు గురించి. 1938 జనవరి 30న, స్పెయిన్ అంతర్యుద్ధం మధ్యలో, తర్వాత దేశానికి నియంతైన సైన్యాధిపతి ఫ్రాంకో తరఫున వచ్చిన ఇటలీ విమానాలు ఇక్కడ బాంబులు వేశాయి. చర్చి నేలమాళిగలో తలదాచుకున్నవాళ్ళు, వాళ్ళను బయటికి తీస్తున్నవాళ్ళు, మొత్తం 42 మంది పోయారు. ఎక్కువమంది చిన్నపిల్లలు. చర్చి ముందుగోడ కింది భాగం నిండా గుంటలు, కొన్నింటిలో పిడికిలి పడుతుంది. గోడ మీద ఫలకం లేకపోతే కాలం రాయిని తినేసిందేమో అనుకుంటాం. ఫ్రాంకో రోజుల్లో ఈ గుంటలకు ఇంకో కథ అల్లారు: అరాచకవాదులు పాదిరీలను వరసగా నిలబెట్టి కాల్చిన తూటాల గుర్తులని. చంపినవాడే హంతకుడి పేరు మార్చి చెప్పడం అంటే ఇదే. వంతెన గురించి నోరెత్తకపోతే పోయేదేం లేదనుకునేవాళ్ళు ఈ గోడ ముందు నిలబడి ఆ మాట అనగలరా?

తమాషా ఏంటంటే ఈ చౌకు కూడా పూర్తిగా అసలుది కాదు. బాంబులకు పోయిన ఇళ్ళ స్థానంలో వేరేచోటి నుంచి తెచ్చిన పాత కట్టడాలు పెట్టారు. రాగిపనివాళ్ళ సంఘం భవనం ముఖద్వారం, చెప్పులు కుట్టేవాళ్ళ సంఘం ముఖద్వారం అలా వచ్చినవే. గోడ గుంటల్ని మాత్రం సిమెంటు పూసి మూసేయలేదు. అందుకు దండం పెట్టాలి. అన్నట్టు, 1926లో ట్రామ్ గుద్దిన రోజు గౌడీ బయల్దేరింది ఈ చర్చికే.

మాది అనంతపురం. మా వైపు ఆర్డీటీ, అంటే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్, పేరు తెలియని ఇల్లుండదు. బత్తలపల్లి ఆసుపత్రికి ఎన్నిసార్లు పోయామో. ఆ సంస్థను పెట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1920లో పుట్టింది ఈ బార్సిలోనాలోనే. ఆ గోడకు గుంటలు పడిన 1938లోనే ఆయన కుర్రతనంలో సైనికుడై యుద్ధానికి పోయాడు. అనంతపురానికి వచ్చింది 1969లో. ఈ గోడ ముందు నిలబడేదాకా నాకు ఆయన "కరువు సీమకు వచ్చిన ఫాదర్" మాత్రమే. ఎలాంటి ఊరినుంచి వచ్చాడో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆర్డీటీ కట్టిచ్చిన ఇళ్ళలో పెరిగి ఇవాళ యూరప్‌లో ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు ఎంతమంది లేరు! కనీసం వాళ్ళయినా ఇక్కడ పది నిమిషాలు ఆగాలని నా గొంతెమ్మ కోరిక.

"సెలవుల్లో ఏడుపు కథలెందుకు, ఎంజాయ్ చేయడానికి వెళ్ళాం" అంటారు. చేయండి. చురోస్ తినండి, రాంబ్లా మీద తిరగండి, జేబులు మాత్రం జాగ్రత్త. కానీ ఆ పేటలో ఇంకా మనుషులు కాపురముంటున్నారు. అద్దెలు పెరిగి, టూరిస్టు ఫ్లాట్లు పెరిగి వాళ్ళు విసిగిపోయారు. 2024 జూలైలో ఊరేగింపు తీసి హోటళ్ళ ముందు కూర్చున్న టూరిస్టుల మీద నీళ్ళ తుపాకులు కొట్టింది ఊరికే కాదు. 2028 నాటికి పదివేలకు పైగా టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సులు ఆపేస్తామని మేయరు ప్రకటించాడు. అమలవుతుందో లేదో చూడాలి. నా మటుకు నేను హోటల్లోనే దిగుతాను, ఖర్చు ఎక్కువైనా సరే. అర్ధరాత్రి సూట్‌కేసు చక్రాల గడగడ పక్కింటివాళ్ళు వినక్కర్లేదు.

వెళ్ళేవాళ్ళకు ఒక మాట. చౌకు పక్కనే బడి ఉంది, విరామంలో పిల్లలు ఆ గోడ ముందే బంతాట ఆడుతుంటారు. ఆ టైములో రీల్స్ తీయకండి. టీచరమ్మ తిట్టేది కాటలాన్‌లో అయినా అర్థమవుతుంది.