ఎముకలకు నోరెక్కువైంది

శిలాజాల తీరు ఈమధ్య ఏమీ బాగాలేదు. పరిణామ సిద్ధాంతం మీద తమకూ అభిప్రాయాలున్నాయంటున్నాయి. పెద్దమనుషులు వెంటనే కలగజేసుకోవాలి.

వాటి స్థానమేమిటో డార్విన్ 1859లోనే చెప్పాడు. తన పుస్తకంలో ఒక అధ్యాయమంతా భూగర్భ రికార్డు, అంటే రాళ్లలో మిగిలిన శిలాజాల చిట్టా, ఎంత అసంపూర్ణమో వివరించడానికే కేటాయించాడు. ఒక రకం నుంచి ఇంకో రకానికి మారే మధ్యరకం జీవులు కనబడలేదా? సిద్ధాంతానిది తప్పు కాదు, రాళ్లది. ఈ ఏర్పాటు రాళ్లకు తప్ప అందరికీ నచ్చింది. కానీ 1861లో బవేరియా సున్నపురాయిలోంచి ఆర్కియోప్టెరిక్స్ ఊడిపడింది. పక్షి ఈకలు, సరీసృపంలా నోట్లో పళ్లు, పొడవాటి ఎముకల తోక: అచ్చం మధ్యరకం. పిలవగానే హాజరయ్యే సాక్షిని ఏ కోర్టు నమ్ముతుంది?

తర్వాత జన్యుశాస్త్రం వచ్చింది. సీసాల్లో ఈగలు పెంచేవాళ్లకు రెండు వారాల్లో ఒక తరం చేతికొస్తుంది. కోట్ల ఏళ్ల సంగతి తేల్చడానికి అంతకన్నా అర్హత ఏం కావాలి? శిలాజాలు చూసేవాడంటే రోడ్డు మూల నిలబడి, దూసుకుపోయే కార్లను చూస్తూ ఇంజన్ గుట్టు తెలుసుకోవాలనుకునేవాడని వాళ్ల అభిప్రాయమట. 1944లో ఈ మాట రాసిపెట్టిన సింప్సన్ స్వయంగా శిలాజాల మనిషే. పాపం, శిలాజాలకూ జన్యుశాస్త్రానికీ పేచీ లేదని అదే పుస్తకంలో ఓపిగ్గా నిరూపించాడు. అంతవరకు బాగానే ఉంది. అడిగినదానికి అవుననడం మంచి ఎముక లక్షణం.

1972లో ఎల్డ్రెడ్జ్, గూల్డ్ అనే ఇద్దరు శిలాజాల మనుషులు కట్టు తప్పారు. చాలా జాతులు లక్షల ఏళ్లు దాదాపు మారకుండా ఉంటాయనీ, మార్పు వచ్చినప్పుడు, భూగర్భ కాలమానంలో, చప్పున వచ్చేస్తుందనీ అన్నారు. రాళ్లలోని ఖాళీలు లోపం కాదు, సమాచారమేనట! డార్విన్ అంత కష్టపడి రాసిన క్షమాపణ ఏమైనట్టు?

గొడవ ముదిరాక, 1984లో జీవశాస్త్రవేత్త మేనార్డ్ స్మిత్ 'నేచర్' పత్రికలో పురాజీవ శాస్త్రజ్ఞులను, అంటే శిలాజాలు చదివేవాళ్లను, పరిణామ చర్చల పెద్దల బల్ల దగ్గరికి ఆహ్వానించాడు. డార్విన్ పుస్తకం వచ్చిన 125 ఏళ్లకు. (అన్నాళ్లూ ఎక్కడ నిలబెట్టారని అడగడం మర్యాద కాదు.) నాలుగేళ్లు తిరిగేసరికి నోబెల్ భౌతికశాస్త్రవేత్త లూయీ ఆల్వారెజ్ వీళ్లు స్టాంపులు సేకరించేవాళ్లలాంటివాళ్లని తేల్చేశాడు. కుర్చీ వేశారు కదా, చురకలు కూడా వడ్డించాలి.

క్రమశిక్షణ ఉన్న శిలాజం ఒక్కటే కనిపిస్తోంది: టిక్టాలిక్. చేపకూ నాలుగుకాళ్ల జంతువుకూ నడిమి జీవి ఏ వయసు రాళ్లలో ఉండాలో ముందే లెక్కగట్టి, కెనడా ఆర్కిటిక్‌లో వెతికితే 2004లో సుమారు 37.5 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో దొరికింది. దీనికైతే బల్ల చివర చోటివ్వొచ్చు. కాలు మీద కాలు వేసుకుంటుందన్న భయం లేదు, దానికింకా కాళ్లు పూర్తిగా రాలేదు.