ఆ పూసల్లో నిలదీత కూడా ఉంది

కెనడా ఆదివాసీ మహిళలు కళతో తమ గాయాలను ఎలా మాన్పుకుంటున్నారో పరిశోధించిన స్త్రీవాద అధ్యాపకురాలి గురించి మీరు రాసింది చాలా నచ్చింది. కానీ ఓదార్పు గురించి చెప్పినంతగా ప్రతిఘటన గురించి చెప్పలేదనిపించింది.

2012లో క్రిస్టీ బెల్‌కోర్ట్ అనే మేటీ (కెనడా ఆదివాసీ జాతుల్లో ఒకటి) కళాకారిణి ఒక పిలుపు ఇచ్చారు. మాయమైన, హత్యకు గురైన ఆదివాసీ మహిళల కోసం మొకాసిన్ల పైముక్కలు, అంటే తోలు జోళ్ల మీద పూసలు కుట్టే భాగం, పంపమన్నారు. అడిగింది 600 జతలు, వచ్చినవి 1,700కు పైనే! వాటిని జోళ్లుగా పూర్తి చేయకుండా అలాగే ఊరూరా ప్రదర్శనకు ఉంచారు. మధ్యలో ఆగిపోయిన బతుకులు కదా. చూడటానికి వచ్చినవాళ్లు చెప్పులు విప్పి వాటి పక్కన నడిచేవాళ్లు. ఇది మొదటిసారి చదివిన రోజు నాకు ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

చెల్లినో కూతురినో తలుచుకుంటూ ఒక్కో పూసా కుట్టడం ఓదార్పే, కాదనను. కానీ ఎవరూ పట్టించుకోని ఆడవాళ్లను ఊరూరా జనం ముందు నిలబెట్టడం నిలదీయడమే. ఈ మహిళల గుర్తుగా జైమీ బ్లాక్ అనే మరో కళాకారిణి బహిరంగ స్థలాల్లో వేలాడదీసిన ఖాళీ ఎర్ర గౌన్లూ అంతే. కుటుంబాలు ఏళ్ల తరబడి అడిగితేనే 2016లో జాతీయ విచారణ మొదలైంది, 2019లో 231 సిఫార్సులతో నివేదిక వచ్చింది. ఈ సంగతి మీ వ్యాసంలో రెండు వాక్యాలైనా ఉండాల్సింది.