పెరటి రైలుకు ఏ రంగు?

దేశం ముందు చాలా సమస్యలున్నాయి. వాటి సంగతి పెద్దలు చూసుకుంటారు. పర్లాకిమిడిలో మా ఇంటి వెనక, కరివేపాకు చెట్టుకీ నూతి గట్టుకీ మధ్య నడిచే రైలుకి ఏ రంగు వెయ్యాలన్న సమస్య మాత్రం నా నెత్తిన పడింది.

రైలంటే నవ్వకండి. బొమ్మ రైలే అనుకోండి: ఒక ఇంజను, మూడు పెట్టెలు, పట్టాల మధ్య 45 మిల్లీమీటర్లు. మా బావమరిది విదేశం నుంచి తెచ్చాడు. పెట్టెలు ఆకుపచ్చగా, మంచుకొండల పక్కన తిరగవలసిన దొరల్లా ఉన్నాయి. వాటిని మా ఊరి బండిగా మార్చాలని నా సంకల్పం. శ్రీకాకుళం జిల్లా నౌపడా నుంచి మా ఊరికి 1900లో రాజావారు వేయించిన చిన్న రైలు రెండున్నర అడుగుల ఎడమున్న పట్టాల మీద 2004 దాకా తిరిగింది. తర్వాత బ్రాడ్‌గేజ్ పని మొదలై, మా ఊరు మళ్లీ రైలు ముఖం చూసేసరికి 2010 వచ్చింది. నా పెట్టెలేమో 1:22.5 స్కేలువి, అంటే అసలు బండిలో ఇరవైరెండున్నరో వంతు. లెక్క కడితే 45 మిల్లీమీటర్ల పట్టా ఆ స్కేలులో మీటర్‌గేజ్ అవుతుంది. అంటే నేను బ్రష్ పట్టుకోకముందే గేజ్ మార్పిడి పూర్తయింది. భూసేకరణ లేదు, శంకుస్థాపన లేదు, శిలాఫలకం మీద పేరు లేదని అలిగినవాళ్లూ లేరు.

ఇక రంగు. పాత బండి ఏ రంగులో ఉండేదని వీధిలో నలుగురు పెద్దల్ని అడిగితే అయిదు రంగులు చెప్పారు. నాకు దొరికిన ఫొటోలన్నీ నలుపు తెలుపే. కాబట్టి పెరటి రైల్వే బోర్డు సమావేశమైంది. పక్కింటి ఒడియా మాస్టారు ఇటుక ఎరుపన్నారు. బావమరిది నీలం అన్నాడు. పిల్లలు వందేభారత్ తెలుపు కావాలని ఏడ్చారు. ఎవరిదీ తప్పు కాదు. అసలు రైల్వేవారే ఎర్రపెట్టెల్ని నీలం చేశారు, 2018లో ఆ నీలాన్ని గోధుమ రంగు చేశారు, తెల్లటి వందేభారత్‌ని 2023లో కాషాయంలోకి దింపారు. ఇన్ని రంగులు మారినా జనరల్ పెట్టెలో ఒక్కడు అదనంగా కూర్చున్న దాఖలా నాకు కనపడలేదు. అయినా రంగు మారిందంటే బండి మారినట్టే కదా! ఆ నమ్మకంతోనే ఇటుక ఎరుపుకి ఓటేశాను.

పాత రంగు వదిలించడానికి మొదటి పెట్టెకి థిన్నర్ వాడాను. రంగు కదిలింది. దానితోపాటు తలుపూ కదిలింది, కిటికీ చట్రం బెల్లం పాకంలా జారింది. ప్లాస్టిక్‌కి థిన్నర్ పడదట. మిగతా రెండిటినీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, గిన్నెల సబ్బుతో కడిగాను. తోమింది అన్నం గిన్నెలు తోమే చోటే కాబట్టి ఆ రోజు రాత్రి భోజనం ఆలస్యమైంది. ప్రైమర్ మీద ఎరుపు స్ప్రే చేసింది ఆషాఢం ముసురులో. గాలిలో తేమ పట్టి పెట్టె మొత్తం బూడిద గుమ్మడికాయలా తెల్లబారింది. ఎండ వచ్చాక మళ్లీ కొట్టాను. ఈసారి పెట్టె బాగా వచ్చింది, దండెం మీది తువ్వాలు కూడా ఎర్రగా వచ్చింది.

ఆపైన వెదరింగ్. అంటే కొత్త రంగు మీద బ్రష్‌తో దుమ్మూ తుప్పూ మసీ అద్దడం. నేను అద్దాలు పెట్టుకుని చక్రాల దగ్గర బురద దిద్దుతుంటే మా ఆవిడ చూసింది.

"ఏవండీ, ఇంత కష్టం ఎందుకు? రెండ్రోజులు వీధి అరుగు మీద పెట్టండి."

అసలు గొడవ పేరు బోర్డు దగ్గర వచ్చింది. పెట్టె మీద ఊరి పేరు ఏ భాషలో రాయాలి? 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, నౌపడా మద్రాసు వైపే ఉండిపోయింది. మా చిన్న రైలు రోజూ ఆ గీత దాటింది, ఎవరూ గొడవపడలేదు. ఆ గొడవంతా మా పెరటికి దాచిపెట్టారేమో! తెలుగు పైన ఉండాలని నేను, ఒడియా పైన ఉండాలని మాస్టారు. రెండూ రాయడానికి చోటు లేదు. నాలుగున్నర సెంటీమీటర్ల అక్షరం నా స్కేలులో రెండు మిల్లీమీటర్లు. చివరికి ఫ్లెక్సీలొచ్చి పని పోయిన సైన్‌బోర్డు పెయింటర్ని పిలిచి, ఇద్దరం వేర్వేరుగా చెవిలో చెప్పాం.

అతను అరగంటలో రాసి ఇచ్చాడు. మాస్టారు భూతద్దం పెట్టి చూసి, "ఒడియా అక్షరం ఎంత గుండ్రంగా కుదిరిందో!" అన్నారు. నేను చూస్తే నిక్షేపంలాంటి తెలుగు. ఆయన కాఫీకి లోపలికి వెళ్లాక పెయింటర్ని పక్కకి పిలిచాను.

"ఇంతకీ ఏ భాషలో రాశావోయ్?"

"సున్నాలు చుట్టాను బాబూ, ఏడు. రెండో పక్కకీ అవే చుట్టమంటారా?"