ట్రైనర్ మీద ఒక గంట, రోడ్డు మీద రెండు గంటలతో సమానమా?

చలి మొదలవగానే సైకిల్ తొక్కేవాళ్ల మధ్య ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. ఏటా మాటలు కొంచెం మారతాయి గానీ సారం ఇదే (ట్రైనర్ అంటే సైకిల్‌ను బిగించి, ఇంట్లో ఉన్నచోటే తొక్కే పరికరం): "ఉష్ణోగ్రత 5 డిగ్రీల కంటే తగ్గితే బయట తొక్కకండి. చల్లగాలి ఊపిరితిత్తులను పాడుచేస్తుంది, జలుబు పట్టుకుంటుంది, మోకాళ్లు అరిగిపోతాయి. ఇంట్లో ట్రైనర్ మీద గంట తొక్కితే బయట రెండు గంటలు తొక్కినట్టే. చెమట ఎక్కువ పడుతుంది కాబట్టి కొవ్వు కూడా ఎక్కువ కరుగుతుంది. ప్రొఫెషనల్ రైడర్లు కూడా చలికాలమంతా ఇంట్లోనే తొక్కుతారు."

ఇది చదివి, కొత్తగా సైకిల్ మీద ఇష్టం పెంచుకున్నవాళ్లు చలి పోయేదాకా రోడ్డెక్కడం మానేస్తున్నారు. నాకు బాధగా ఉన్నది అందుకే. ట్రైనర్ మంచి సాధనం, నేనూ వాడతాను. దాన్ని మెచ్చుకోవడానికి రోడ్డు మీద లేనిపోని భయాలు పెట్టక్కర్లేదు.

"గంట తొక్కితే రెండు గంటలతో సమానం"

అన్నిటికంటే ఎక్కువ మంది నమ్మేది ఈ మాటనే. ఇందులో కొంత నిజం ఉంది కూడా. రోడ్డు మీద పల్లం వచ్చినప్పుడు, సిగ్నల్ దగ్గర, మలుపుల్లో, ముందువాళ్ల వెనకాల గాలి తగలకుండా వెళ్తున్నప్పుడు కాళ్లు ఆగుతాయి. ట్రైనర్ మీద పల్లం ఉండదు, ఆపకుండా తొక్కుతూనే ఉంటాం. కాబట్టి అదే గంటలో పని కాస్త ఎక్కువ జరుగుతుంది. అది రెట్టింపు కావాలంటే మాత్రం, బయట తిరిగిన సమయంలో సగం కాళ్లు కదపకుండా కూర్చుని ఉండాలి. అలా తొక్కేవాళ్లు ఎవరుంటారు?

200 వాట్లతో గంటసేపు తొక్కితే జరిగే పని 720 కిలోజూల్స్. గదిలో తొక్కినా, గడ్డకట్టిన చెరువు పక్కన తొక్కినా అంతే. శిక్షణ భారాన్ని లెక్కించడానికి చాలామంది వాడే టీఎస్ఎస్ (ట్రైనింగ్ స్ట్రెస్ స్కోర్) పద్ధతిలో చూసినా ఇదే తేలుతుంది. సుమారు గంటసేపు నిలబెట్టుకోగల గరిష్ఠ శక్తిని ఎఫ్‌టీపీ అంటారు. ఆ స్థాయిలో గంట తొక్కితే 100 పాయింట్లు. అందులో 70 శాతంతో రెండు గంటలు తొక్కితే 98 పాయింట్లు. గట్టిగా తొక్కిన గంట, నిదానంగా తొక్కిన రెండు గంటలకు అంకెల్లో సమానమయ్యేది ఇలాగే. అయితే ఆ సమానత్వం తెచ్చింది తీవ్రత. ట్రైనర్‌కు అందులో పాత్ర లేదు. అదే గంట బయట కొండ ఎక్కుతూ గట్టిగా తొక్కినా 100 పాయింట్లే వస్తాయి.

పైగా పాయింట్లు సమానమైతే ఫలితం సమానం అనుకోకూడదు. రెండు, మూడు గంటలు నిదానంగా తొక్కుతున్నప్పుడు కండరాల్లో నిల్వ ఉన్న గ్లైకోజన్ (పిండిపదార్థపు నిల్వ) తరుగుతూ వస్తుంది, కొవ్వును ఇంధనంగా వాడుకోవడం శరీరానికి అలవాటవుతుంది, తొక్కుతూ తినడం, తాగడం అలవాటవుతాయి, సీటు మీద అంతసేపు కూర్చునే ఓర్పు వస్తుంది. 200 కిలోమీటర్ల బ్రెవేకు (గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ యాత్రకు) గడువు 13 గంటల 30 నిమిషాలు. దానికి సిద్ధమయ్యేవాళ్లు "గంట చేశాను కదా, రెండు గంటలు అయినట్టే" అనుకుంటూ చలికాలం గడిపేస్తే, నూరో కిలోమీటరు దాటాక ఒళ్లే నిజం చెబుతుంది. తిరగడం, బ్రేక్ వేయడం, గుంట తప్పించడం, గుంపులో పక్కవాళ్లకు తగలకుండా నడపడం, ఇవేవీ బిగించిన సైకిల్ మీద నేర్చుకోలేం.

దీనికి తోకగా ఇంకో మాట కూడా వినిపిస్తుంది: "చలిలో బయట స్పీడ్ తగ్గుతోంది, అంటే ఫిట్‌నెస్ పోతోంది" అని. చల్లగాలి బరువు ఎక్కువ. 20 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి సుమారు 1.20 కిలోలు ఉంటే, 0 డిగ్రీల దగ్గర 1.29 కిలోలు. ఎదురుగాలి నిరోధం ఆ మేరకు, అంటే సుమారు 7 శాతం పెరుగుతుంది. దానికి తోడు మందపాటి బట్టలు. అదే శక్తితో తొక్కినా వేగం తగ్గడం సహజం. చలిలో స్పీడ్ చూసి టెన్షన్ పడకండి, వాట్లు గానీ గుండె వేగం గానీ చూడండి.

"చెమట ఎక్కువ, కాబట్టి కొవ్వు ఎక్కువ కరుగుతుంది"

మనం తొక్కేటప్పుడు ఖర్చయ్యే శక్తిలో 20 నుంచి 25 శాతం మాత్రమే పెడల్‌కు చేరుతుంది. మిగిలినదంతా వేడే. పెడల్ మీద 200 వాట్లు పడుతున్నాయంటే ఒంట్లో 600 నుంచి 800 వాట్ల వేడి పుడుతోందని అర్థం. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 2,400 కిలోజూల్స్ వేడిని పట్టుకుపోతుంది. గంటలో ఒక లీటరు ఆవిరైతే దాదాపు 670 వాట్ల చొప్పున ఒళ్లు చల్లబడుతుంది. అంటే ఒంట్లో పుట్టిన వేడికి ఇంచుమించు సరిపోతుంది. కాకపోతే ఆ చెమట ఆవిరవ్వాలి. నేల మీదకు కారిపోయిన చెమట వల్ల చల్లబడేది ఏమీ ఉండదు.

బయట గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే సెకనుకు 8 మీటర్లకు పైగా గాలి ఒంటికి తగులుతుంది. మూసిన గదిలో మన చుట్టూ మన తేమే పేరుకుంటుంది. ఒళ్లు వేడెక్కి, చర్మానికి రక్తం ఎక్కువగా పంపాల్సి వచ్చి, అదే వాట్లకు గుండె వేగం పెరుగుతూ పోతుంది. కాసేపటికి వాట్లు పడిపోతాయి. చాలామందికి ట్రైనర్ మీద ఎఫ్‌టీపీ బయటి కంటే తక్కువ రావడానికి ఇది పెద్ద కారణం. చొక్కా తడిసి ముద్దయినంత మాత్రాన వ్యాయామం ఎక్కువైనట్టు కాదు. దిగాక బరువు తూచుకుంటే తగ్గి కనిపించేది నీరు, రెండు బాటిళ్లు తాగితే తిరిగి వచ్చేస్తుంది.

ఇంట్లో తొక్కేవాళ్లు పెద్ద ఫ్యాన్ ఎదురుగా పెట్టుకుని, కిటికీ తెరిచి, బయటి చల్లగాలిని లోపలికి రానివ్వండి. హ్యాండిల్ మీద తువాలు వేయండి. ఉప్పు చెమట హెడ్‌సెట్‌లోకి (హ్యాండిల్ తిరిగే బేరింగుల్లోకి), బోల్టుల్లోకి దిగి తుప్పు పట్టిస్తుంది.

"చల్లగాలికి ఊపిరితిత్తులు పాడవుతాయి"

ముక్కు, గొంతు, శ్వాసనాళాలు దాటి లోతుకు చేరేసరికి గాలి శరీర ఉష్ణోగ్రతకు వచ్చేస్తుంది. 5 డిగ్రీల దగ్గర ఊపిరితిత్తులు గడ్డకట్టడం అనేది జరగదు.

ఇబ్బంది పెట్టేది పొడితనం. 0 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలిలో మహా అయితే 5 గ్రాముల నీటి ఆవిరి పడుతుంది. 37 డిగ్రీల దగ్గర 44 గ్రాముల దాకా పడుతుంది. ఆ తేడాను మన శ్వాసనాళాలే భర్తీ చేయాలి. గట్టిగా తొక్కుతూ నోటితో ఊపిరి తీసుకుంటే అవి ఎండిపోయి, కొందరిలో బిగుసుకుంటాయి. దగ్గు, పిల్లికూతలు వచ్చేది అందుకే. తీవ్రమైన చలిలో ఏళ్ల తరబడి శిక్షణ తీసుకునే క్రాస్ కంట్రీ స్కీయర్లలో ఉబ్బసం ఎక్కువగా కనిపిస్తుందన్నది నిజం. వాళ్ల పోటీలను అంతర్జాతీయ స్కీ సమాఖ్య మైనస్ 20 డిగ్రీల దగ్గర ఆపుతుంది. అదే అందరికీ క్షేమమైన హద్దు అని నేను చెప్పడం లేదు. ఆ చలికీ సందేశంలోని 5 డిగ్రీలకూ ఎంత దూరం ఉందో చూడమంటున్నాను.

ఉబ్బసం ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడిగే బయటికి వెళ్లాలి. చలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది. వాళ్లకు ట్రైనర్ నిజంగా మేలు చేస్తుంది. మిగిలినవాళ్లు నోటికి పల్చటి గుడ్డ కట్టుకుని, మొదటి పావుగంట నిదానంగా తొక్కితే చాలు.

జలుబు, మోకాళ్లు

జలుబుకు కారణం వైరస్‌లు. చలికాలంలో అవి ఎక్కువగా అంటుకునేది తలుపులు మూసుకుని ఒకరి పక్కన ఒకరు కూర్చునే చోట. ఖాళీ రోడ్డు మీద ఒంటరిగా తొక్కేవాళ్లకు ఆ బెడద తక్కువ. తిరిగి వచ్చాక తడి బట్టలతో కూర్చోకుండా వెంటనే మార్చుకోండి.

చలికి మోకాలి కీలు అరిగిపోదు, బిగుసుకుంటుంది. మోకాలి ముందు వైపు కండ తక్కువ, గాలి నేరుగా తగులుతుంది. నిక్కరు మీద వెళ్లకుండా మోకాళ్లు కప్పుకోండి, మొదట్లో పెద్ద గేర్ వేయకండి. అప్పటికీ నొప్పి వస్తే ముందు సీటు ఎత్తు సరిచూసుకోండి. సీటు ఎత్తు తప్పుగా ఉంటే ట్రైనర్ మీద కూడా మోకాళ్లు నొప్పి పెడతాయి.

"ప్రొఫెషనల్స్ అందరూ ఇంట్లోనే"

ట్రైనర్ సత్తా చూపించే ఉదాహరణలు ఉన్నాయి. 2016 ఫిబ్రవరిలో చెయ్యి విరిగిన ఆస్ట్రేలియా రైడర్ మాథ్యూ హేమన్ వారాల తరబడి ఇంట్లోనే తొక్కి, ఆ ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లో రాళ్లు పరిచిన రోడ్ల మీద జరిగే పారిస్–రూబే రేసు గెలిచాడు. ఇంట్లో ట్రైనర్ మీద తొక్కే ఆన్‌లైన్ పోటీ జ్విఫ్ట్ అకాడమీ గెలిచి ప్రొఫెషనల్ జట్టులోకి వచ్చిన జే వైన్, స్పెయిన్‌లో జరిగే పెద్ద రేసు వుయెల్టాలో 2022లో రెండు స్టేజీలు గెలిచాడు. కానీ హేమన్ ఇంట్లో తొక్కింది చెయ్యి విరిగినందుకు. పైగా అతను అప్పటికే పారిస్–రూబే రోడ్లను ఏళ్లుగా ఎరిగినవాడు. చలికాలంలో ప్రొఫెషనల్ జట్లు శిక్షణ శిబిరాలు పెట్టేది కాల్పే, మయోర్కా లాంటి స్పెయిన్ ప్రాంతాల్లో. కాస్త వెచ్చటి చోట రోడ్డు మీద గంటల తరబడి తొక్కడానికే అంత దూరం వెళ్తారు.

అసలు ప్రమాదం గురించి ఒక్క మాటా లేదు

ఈ సందేశం మీద నాకున్న పెద్ద అభ్యంతరం ఇదే. 5 డిగ్రీలు అని గీత గీసింది గానీ, రోడ్డు మీద గడ్డకట్టే మంచు పేరే ఎత్తలేదు. గంటకు 30 కిలోమీటర్ల గాలిలో 5 డిగ్రీలు ఒంటికి 0 డిగ్రీల్లా తోస్తుంది. అయినా గాలి ఉష్ణోగ్రత 0 కంటే పైన ఉన్నంతవరకు చర్మం గడ్డకట్టదు. గాలిని ఆపే జాకెట్, మంచి గ్లౌజులు, కాలివేళ్లకు రక్షణ ఉంటే సరిపోతుంది. రోడ్డు సంగతి వేరు. నిర్మలమైన రాత్రి తర్వాత రోడ్డు ఉపరితలం గాలి కంటే చల్లగా ఉండొచ్చు. థర్మామీటర్ 2, 3 డిగ్రీలు చూపిస్తున్నా వంతెనల మీద, చెట్ల నీడలో కంటికి కనబడని మంచుపొర ఉండొచ్చు. మామూలు టైరుకు దాని మీద పట్టు దొరకదు. రాత్రి తడిసిన రోడ్డు తెల్లవారేసరికి గడ్డకట్టే అవకాశం ఉంటే ఆ ఉదయం ట్రైనర్ ఎక్కండి, లేదా మంచును పట్టుకునే లోహపు ముళ్లున్న టైర్లు వేసుకోండి. మైనస్ 3 డిగ్రీల్లో పొడిగా ఉన్న రోడ్డు, 2 డిగ్రీల్లో తడిగా ఉన్న రోడ్డు కంటే క్షేమం.

రెండో ప్రమాదం కొండ దిగుడు. ఎక్కేటప్పుడు ఒళ్లు వేడి పుట్టిస్తుంది, చెమట పడుతుంది. దిగేటప్పుడు కాళ్లు ఆగుతాయి, వేగం పెరుగుతుంది, ఆ చెమటే ఒళ్లు జిల్లుమనిపిస్తుంది. 1988 జూన్ 5న ఇటలీలో జరిగే పెద్ద రేసు జిరో డి ఇటాలియాలో గావియా కనుమ మీద మంచు తుపాను వచ్చినప్పుడు రైడర్లను బాగా దెబ్బతీసింది దిగుడే. వేళ్లు మొద్దుబారితే బ్రేక్ నొక్కలేం. అందుకే జాకెట్ శిఖరం మీద ఆగి వేసుకోవాలి. చలి వేశాక వేసుకుందాంలే అనుకుంటే అప్పటికి జిప్పు పైకి లాగడానికి కూడా వేళ్లు సహకరించవు.