15 నిమిషాల బోర్డు గారికి

మహారాజశ్రీ బోర్డు గారి సముఖానికి,

నమస్కారం. నిన్న మధ్యాహ్నం అమ్యూజ్‌మెంట్ పార్కులో, రైడ్ క్యూ దగ్గర తమరి ముందు నిలబడ్డ నీలం టోపీవాణ్ణి. గుర్తుండకపోవచ్చు లెండి, రోజుకి ఎంతమందిని చూస్తారో.

"ఇక్కడి నుంచి 15 నిమిషాలు" అని సెలవిచ్చారు. ఎర్ర చెక్క మీద మీగడ రంగు అక్షరాలు, ఒక్కోదానికీ మెలి తిరిగిన తోక, పైన రాకెట్ బొమ్మ. 1950ల కాలిఫోర్నియా కళ ఉట్టిపడుతోంది. పాతకాలం వాళ్లు అబద్ధమాడరని మా ఇంట్లో ఒక పిచ్చి నమ్మకం. నిలబడ్డాం.

గంటా యాభై నిమిషాలు!

అమ్మ రెండుసార్లు గట్టు మీద కూలబడింది. "తిరుమలలో అయితే కంపార్ట్‌మెంట్లో కూర్చోబెట్టి పాలు ఇస్తార్రా, ఇక్కడ డబ్బు కట్టి నిలబడటమేంటి?" అన్నారు నాన్న. నా దగ్గర జవాబు లేదు. చివరికి గేటు దగ్గర అమ్మాయిని అడిగితే నవ్వుతూ చెప్పింది: అది డెకరేషన్ అట, అసలు టైమ్ యాప్‌లో చూసుకోవాలట.

డెకరేషన్!

తిరిగొచ్చి తమరిని దగ్గరగా చూశాను. ఆ 15 ఉన్నది విడి రేకు మీద. పైన రెండు కొక్కేలు. అంటే ఒకప్పుడు ఎవరో మనిషి రేకులు మారుస్తూ ఉండేవాడన్నమాట. ఇప్పుడు కొక్కేలతో సహా కలిపి రంగు పూసేశారు, రేకు కదలదు. పెచ్చు లేచిన చోట కింద ఇంకో ఎరుపు, దాని కింద మరో ఎరుపు. ఎన్నిసార్లు రంగేశారయ్యా నీకు! ఒక్కసారైనా ఆ అంకె మార్చాలనిపించలేదా ఎవరికీ?

నీ వంశం సంగతి నాకు తెలియదనుకోకు. అనాహైమ్‌లో డిస్నీలాండ్ వాళ్లు 1963కల్లా దెయ్యాల బంగళా బయట గోడలు లేపి, ఇల్లు కావలసిన దెయ్యాలు సంప్రదించవచ్చని ముందు బోర్డు పెట్టారు. తలుపులు తెరిచింది 1969 ఆగస్టులో. దెయ్యాలనే ఆరేళ్లు ఆపిన జాతి మీది, మేమెంత? ఇక బాత్రూమ్‌కని బాణం చూపించిన నీ తమ్ముడు మమ్మల్ని పాప్‌కార్న్ బండి దగ్గర దింపాడు. వాడికి వేరే ఉత్తరం రాస్తాను.

ఇంతా చేస్తే రైడ్ రెండున్నర నిమిషాలు. అమ్మ కళ్లు తెరవనే లేదు.

కోపమంతా వెళ్లగక్కుదామని రాత్రి ఫోన్ తీస్తే, మా ఫ్యామిలీ గ్రూపులో నీ ఫొటో. పక్కన నాన్న, నీ చెక్క మీద చెయ్యేసి, చిన్ననాటి స్నేహితుడితో దిగినట్టు. ఒప్పుకోవాలి, ఫొటోలో ఇద్దరూ బాగున్నారు.

కింద ఆయనే రాశారు: "అమెరికాలో అంతా పద్ధతి. 15 నిమిషాల్లో ఎక్కించేశారు."

ఇట్లు,
నీలం టోపీ